లైసెన్స్ వాపసు ఇచ్చేలోపే పాలసీ చేతికి రావాలి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. 27 ఏళ్లుగా హైదరాబాద్, బెంగళూరు గుర్రప్పందేల ట్రాకుల మీద జాకీగా (పందెం గుర్రం మీద స్వారీ చేసేవాడిగా) ఉన్నాను. కుటుంబం అనంతపురంలోనే ఉంటుంది. ఈ చలికాలం సీజన్ అయిపోగానే లైసెన్స్ వాపసు ఇచ్చి, రేసు ప్రసారాల్లో వ్యాఖ్యాతగా చేరుతున్నాను. రేసు రోజుకు రూ.8,000 ఇస్తామన్నారు, ఏడాదికి 60 రోజుల దాకా ఉంటాయట. ఇంటి ఖర్చు నెలకు 38,000, ఇంటి లోన్ కిస్తీ 17,000. లోన్ ఇంకా 11 లక్షలు బాకీ. ఎఫ్‌డీలో 9 లక్షలు, 25 తులాల బంగారం, ఊరి బయట 15 లక్షలు పలికే సైటు ఉన్నాయి. బంగారం కుదువ పెట్టి 8 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చి, సొంత యూట్యూబ్ స్టూడియో పెట్టి, ఒక రేసు గుర్రంలో సగం వాటా కొందామనుకుంటున్నాను. ఇంతకంటే తక్కువ వడ్డీకి అప్పు ఎక్కడ దొరుకుతుంది? భార్య, బీటెక్ రెండో ఏడు చదివే అమ్మాయి, ఇంటర్ చదివే అబ్బాయి, 72 ఏళ్ల అమ్మ ఉన్నారు. కాలర్ బోన్‌లో ప్లేటు ఉంది, ఒకసారి వెన్నుపూసకు దెబ్బ తగిలింది. ఎప్పుడు పడ్డా రేసు క్లబ్బే చూసుకుంది కాబట్టి ఆరోగ్య బీమా తీసుకోలేదు.
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు అడిగింది అప్పు గురించి. నేను మాత్రం మీ చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను. పని ఇచ్చినవాళ్లే చూసుకుంటారు కదా అని సొంత పాలసీ లేకుండా నలభై దాటేయడం ఒక్క జాకీలే కాదు, కంపెనీ ఉద్యోగులూ చేస్తున్న తప్పే. ఆ పని మానేసిన మర్నాటి నుంచి ఇంటిల్లిపాదికీ ఏ రక్షణా ఉండదు. లైసెన్స్ పోయాక మీకు క్లబ్బు వైద్య సాయం ఏ తేదీ దాకా ఉంటుందో ఈ వారమే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

రైడింగ్ మానేశాక పాలసీ తీసుకుందాంలే అనుకోకండి, ఇప్పుడే దరఖాస్తు చేయండి. ఆరోగ్య పాలసీలన్నింట్లో ఉండే తొమ్మిదో మినహాయింపు చదవండి. వృత్తిగా చేసే ప్రమాదకర క్రీడల వల్ల అయ్యే చికిత్సకు డబ్బు ఇవ్వరని, అందులో హార్స్ రేసింగ్ పేరు పెట్టి మరీ ఉంటుంది. కాబట్టి ఈ సీజన్‌లో మీరు పడితే ఆ పాలసీ పనికిరాదు, దానికి క్లబ్బు సాయమే దిక్కు. అయినా ఇప్పుడే ఎందుకంటే, పాత జబ్బులకు, పాత గాయాలకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, గరిష్ఠంగా 36 నెలలు. ఆ గడియారం పాలసీ మొదలైన రోజు నుంచే తిరుగుతుంది. ఆరు నెలలు ఆలస్యం చేస్తే ప్లేటు తీయించుకోవాల్సి వచ్చినా, వెన్ను మళ్లీ ఇబ్బంది పెట్టినా ఆ ఆరు నెలలూ ఖర్చు మీదే.

క్లెయిములు పోయేది ఎక్కువగా ప్రపోజల్ ఫారం (పాలసీ దరఖాస్తు) దగ్గరే. వృత్తి అనే చోట ఏజెంటు ‘బిజినెస్’ అని రాస్తాడు, ‘గతంలో శస్త్రచికిత్స జరిగిందా’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని టిక్ పెడతాడు, తర్వాత ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటాడు. ఆ ఓటీపీ మీ సంతకంతో సమానం. నింపిన ఫారం మొత్తం తెప్పించుకుని చదివాకే ఇవ్వండి. వృత్తి ‘జాకీ’ అనే ఉండాలి. కాలర్ బోన్ ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, ప్లేటు ఉన్న ఎక్స్‌రే, వెన్నుపూస స్కాన్ రిపోర్టు జతచేయండి. ప్రీమియం కొంత పెరగొచ్చు, వైద్య పరీక్షలు చేయించుకోమనొచ్చు, ఒక కంపెనీ కాదనొచ్చు కూడా. అప్పుడు ఇంకో కంపెనీకి వెళ్లండి, అక్కడ మొదటి తిరస్కరణ సంగతీ దాచకండి. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప మీరు ఫలానాది చెప్పలేదని క్లెయిమ్ ఆపే వీలు కంపెనీకి ఉండదు. అప్పటిదాకా దాచిన ప్రతి ఫ్రాక్చరూ వాళ్లకు సాకే.

మీరిద్దరూ, పిల్లలిద్దరూ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే పాలసీ), దానిపైన 10 లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్‌అప్ (ఏడాది బిల్లులు 10 లక్షలు దాటాక పై మొత్తం ఇచ్చే పాలసీ) తీసుకోండి. అమ్మగారిని ఫ్లోటర్‌లో కలపొద్దు, అందులో పెద్దవాళ్ల వయసును బట్టే ప్రీమియం లెక్కేస్తారు. 70 దాటారు కాబట్టి ఆమెకు ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి చికిత్స ఉచితంగా వస్తుంది. అనంతపురం వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. పెద్ద ఆపరేషన్ అంటే మనం బెంగళూరుకే పోతాం. కొన్ని పాలసీల్లో అనంతపురం అడ్రసుకు ప్రీమియం తక్కువ వేసి, పెద్ద నగరంలో చికిత్స చేయించుకుంటే బిల్లులో కొంత శాతం మనల్నే కట్టమంటారు. ఇలాంటి ఊరిని బట్టి పెట్టే జోన్ షరతు లేని పాలసీ, గది అద్దెకు పరిమితి లేని పాలసీ అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు కాబట్టి పాత ప్రీమియం పట్టికలు చూసి భయపడకండి.

ఇక అప్పు. ఈ ఆలోచన వద్దే వద్దు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 4 లక్షలకు నెలకు 8,000, అంటే మీ ఒక రేసు రోజు సంపాదన మొత్తం. బంగారం మీద 8 లక్షలకు 10 శాతం వేసుకున్నా నెలకు 6,700 దాకా అవుతుంది. వ్యాఖ్యానంతో మీకు వచ్చేది ఏడాదికి 4.8 లక్షలు, నెలకు 40,000. ఇంటికి, కిస్తీకి కావాల్సింది 55,000. అప్పు లేకుండానే నెలకు 15,000 లోటు ఉంటే, దానికి ఇంకో 14,700 వడ్డీ తగిలించుకుంటారా? పైగా ఆ 40,000 కూడా పూర్తిగా చేతికి రాదు. వ్యాఖ్యాతల ఫీజులో 10 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, పన్ను పడకపోతే రిటర్న్ వేశాకే అది తిరిగొస్తుంది.

గుర్రం పరుగెత్తినా లేకున్నా దాణా, గుర్రాన్ని చూసుకునే సయీసు జీతం, ట్రైనర్ ఫీజు, లాడాలు నెలనెలా ఉంటాయి. ముందుకాలి టెండన్ దెబ్బతింటే నెలల తరబడి కొట్టంలోనే నిలబడుతుందని నాకంటే మీకే బాగా తెలుసు. అదీగాక, మీ వాటా ఉన్న గుర్రం గురించి మీరే మైకులో మాట్లాడితే వినేవాళ్లు నమ్మరు. స్టూడియోకు ఒక మంచి మైకు, ట్రైపాడ్, మీ ఫోన్ చాలు, 25,000 దాటనివ్వొద్దు. రేసు వీడియోల హక్కులు మీవి కావు, అనుమతి లేకుండా వాడితే ఛానెల్‌కే ముప్పు. సొంత ఛానెల్ నడపనిస్తారో లేదో ఒప్పందంలో ముందే చూసుకోండి.

ఎఫ్‌డీలోంచి 6.6 లక్షలు, అంటే 12 నెలల ఖర్చు, పక్కన పెట్టండి. మామూలు ఉద్యోగికి ఆరు నెలలు చాలంటాను. మీ పనికి చాలవు. 2020లో కరోనాకు దేశమంతా రేసులు నెలల తరబడి ఆగాయి. 2024లో బెంగళూరులో క్లబ్బు లైసెన్స్ గొడవతో కొంతకాలం నిలిచిపోయాయి. పందేల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో 28 నుంచి 40 శాతానికి పెరిగింది, ఆ భారం క్లబ్బుల రాబడి మీద పడితే ప్రసారాల ఖర్చుకూ కోత పెట్టొచ్చు. రేసు లేకపోతే మీకు ఫీజు లేదు. కాబట్టి ఏడాదికి కనీసం ఇన్ని రోజులకు ఫీజు గ్యారంటీ అని ఒప్పందంలో రాయించుకోండి. వానకు ట్రాక్ పాడై మధ్యలో రద్దయితే ఇస్తారా, హైదరాబాద్ రానుపోను చార్జీలు ఎవరివి, ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. మిగిలిన 2.4 లక్షలు ప్రీమియానికి, అమ్మాయి ఫీజుకు.

నెలకు 15,000 లోటు పూడాలంటే సైటు అమ్మి ఇంటి లోన్ తీర్చేయడమే దారి. అమ్మాయి పెళ్లికని పెట్టుకుని ఉంటారు, బాధగానే ఉంటుంది. కానీ కిస్తీ పోతే ఖర్చు 38,000కు దిగి, వచ్చే 40,000లో సరిపోతుంది. ఫ్లోటింగ్ వడ్డీ లోన్ అయితే ముందే కట్టినందుకు జరిమానా ఉండదు. బంగారం ఇంట్లోనో లాకర్‌లోనో ఉండనివ్వండి. మ్యూచువల్ ఫండ్స్, ఎన్‌పీఎస్ (పింఛను పథకం) గురించి ఆ తర్వాతి ఏడాది ఆలోచిద్దాం.

లైసెన్స్ వాపసు ఇచ్చిన రోజున క్లబ్బు నుంచి రసీదు తీసుకోండి. దాని నకలు జతచేసి, వృత్తి మారిందని బీమా కంపెనీకి లేఖ రాసి, పాలసీలో ‘వ్యాఖ్యాత’ అని ఎండార్స్‌మెంట్ (మార్పు పత్రం) వేయించుకోండి. వ్యక్తిగత ప్రమాద బీమా, టర్మ్ పాలసీ (గడువులోగా చనిపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) ఆ తర్వాత తీసుకుంటే జాకీ వృత్తికి వేసే అదనపు ప్రీమియం తగ్గే అవకాశం ఉంది. టర్మ్ పాలసీకి 60 ఏళ్ల దాకా గడువు పెట్టుకుంటే చాలు.