రెండేళ్ల పాప పేస్టు మింగేస్తుంటే

చెల్లీ, పాప పేస్టంతా చప్పరించి మింగేస్తోందని, మీ అత్తయ్యగారేమో ‘ఫ్లోరైడు విషం, ఉప్పుతో తోము’ అంటున్నారని రాశావు. పేస్టు మానక్కర్లేదు, కొలత తగ్గించు. మూడేళ్లు నిండేదాకా బ్రష్షు కొసన బియ్యపు గింజంత రాస్తే చాలు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా వంకీలు తిప్పుతారే, అది చూసి మోసపోకు. 1000 పీపీఎం పేస్టు (అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు) గింజంత అంటే 0.1 గ్రాము, మొత్తం మింగినా లోపలికెళ్లే ఫ్లోరైడు 0.1 మిల్లీగ్రామే. మూడు దాటాక బఠాణీ గింజంత. ట్యూబు మాత్రం నీ చేతిలోనే ఉండాలి. మావాడు స్ట్రాబెర్రీ వాసనకి స్టూలెక్కి మరీ పిండుకున్నాడు!

నాకు అసలు అనుమానం మీ బోరు మీదే. మన చంద్రపూర్, పక్కనున్న యవత్మాల్ జిల్లాల్లో చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. కాచినా పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ముందు నీళ్లు పరీక్ష చేయించు. ఎక్కువని తేలితే తాగే నీళ్లు మార్చు, పేస్టు సంగతి పళ్ల డాక్టర్ని అడుగు. ఎప్పుడైనా సగం ట్యూబు తినేస్తే వాంతి చేయించకు. పాలు పట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు.