అన్నా, ఎర్ర కాలిపర్లు వేయించేదా?

మొన్న డిసెంబరులో కడపకు పోయినప్పుడు మా పక్కింటి పిన్ని కొడుకు కూడా సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఎమ్మెస్సీ చదవడానికి బ్రిటన్‌లోని కోవెంట్రీ పోయి, అక్కడే ఉద్యోగంలో చేరినవాడు. ఏడు రోడ్ల దగ్గర కారం దోసె తింటూ, నెయ్యి అంటిన చేత్తోనే ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. ఎర్ర రంగు పెద్ద బ్రేకు కాలిపర్లు (చక్రంతో తిరిగే డిస్కును ప్యాడ్లతో రెండువైపులా నొక్కి పట్టేవి), చిల్లులు పొడిచిన డిస్కులు. ధర వెయ్యి పౌండ్లకు పైమాటే.

"అన్నా, ఇవి వేయిస్తే కారు మేకు కొట్టినట్టు నిలబడుతుందంట. వేయించేదా?"

వాడి కారు 2016 ఫోర్డ్ ఫియస్టా ఎస్‌టీ. పైకి కూరగాయలు తెచ్చుకునే బండిలా ఉంటుంది గానీ లోపల 1.6 లీటర్ల టర్బో ఇంజను, 182 హార్స్‌పవర్. ఇట్లాంటి కార్లను అక్కడ హాట్ హాచ్ అంటారు. బ్రిటన్ చేరిన మన పిల్లలు జీతం చేతికి రాగానే వీటి మీద పడతారు. పద్దెనిమిదేళ్ల కిందట నేనూ పడ్డవాణ్ణే. అందుకే వాడికి చెప్పింది మిగతావాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

నేను అడిగిన మొదటి మాట, "టైర్లు ఏవి రా?" వాడికి తెలియదు. కాలిపర్ రంగు తెలుసు, టైరు పేరు తెలియదు! కారును ఆపేది ఆఖరికి రోడ్డును పట్టుకున్న అరచేయంత రబ్బరు. ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ లేరని అద్దంలో నిర్ధారించుకుని ఒకసారి గట్టిగా తొక్కి చూడండి. కాలి కింద పెడల్ గడగడలాడితే అది ఏబీఎస్, చక్రం బిగుసుకుని జారిపోకుండా బ్రేకును వదిలి వదిలి పట్టే ఏర్పాటు. అంటే టైరు పట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ బలం మీ పాత బ్రేకులకే ఉందన్నమాట. అట్లాంటప్పుడు ఎంత పెద్ద డిస్కు పెట్టినా ఆ ఒక్కసారి ఆగే దూరం తగ్గదు. మంచి టైర్లు వేస్తే తగ్గుతుంది. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి చాలంటుంది గానీ, వాన రోడ్డు మీద అంతదాకా అరగనివ్వకండి.

మరి పెద్ద బ్రేకులు దేనికి? వేడికి. కారు వేగమంతా డిస్కు దగ్గర వేడిగా మారాల్సిందే. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగు రెట్లవుతుంది. బ్రిటన్ హైవే కోడ్ పుస్తకంలో 30 మైళ్ల వేగంలో బ్రేకు పడ్డాక ఆగే దూరం 14 మీటర్లు, 60 మైళ్లకు 55 మీటర్లు అని ఉంటుంది. థియరీ పరీక్షకు బట్టీ పట్టేటప్పుడు ఆ లెక్క వెనక సంగతి ఎవరూ పట్టించుకోరు. ఒకసారి ఆపడం ఏ బ్రేకుకైనా సులువే. చల్లారే సందు లేకుండా మళ్లీ మళ్లీ ఆపాల్సి వచ్చినప్పుడే చిక్కు. ట్రాక్ మీద తిరిగేవాళ్లకు పెద్ద డిస్కు కావాల్సింది అందుకే.

ఈ వేడి సంగతి కడపోళ్లకు ఒకరు చెప్పాలా? రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది కదా. చిన్నప్పుడు మా మామ లారీలో పాలకోవా ఆశకు ఎక్కి కూర్చునేవాణ్ణి. ఘాట్ దిగిన లారీలు కొన్ని పక్కకు నిలిపి ఉండేవి. చక్రాల దగ్గర నుంచి పొగ, ముక్కుపుటాలు మండే లైనర్ల వాసన. క్లీనర్ డ్రమ్ముల మీద నీళ్లు పోయబోతే మామ తిట్టేవాడు, కాలిన ఇనుము పగులుతుందని. దిగేముందు పైనే గేరు తగ్గించి, "ఎక్కిన గేర్లోనే దిగాలబ్బీ" అనేవాడు. బ్రేకు మీద పెట్టిన కాలు తీయకుండా కొండ దిగేవాణ్ణి ఆయన డ్రైవర్ కింద లెక్కేసేవాడు కాదు.

అంత చూసినవాణ్ణి, 2011లో ఇంగ్లండు లేక్ డిస్ట్రిక్ట్‌లో హార్డ్‌నాట్ పాస్ దిగేటప్పుడు అదంతా మరిచిపోయాను. ఆ దారి కొన్నిచోట్ల మూడడుగులు పోతే ఒక అడుగు దిగేంత వాలు. పక్కన మా ఆవిడ, వెనక అత్తామామలు. మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుకుంటూ వస్తున్నా. నాలుగో మలుపులోనో ఐదో మలుపులోనో పెడల్ మెత్తబడింది. ఆ తర్వాతి తొక్కుడుకు సగం దాకా దిగిపోయింది. దడదడా రెండు మూడుసార్లు తొక్కి, మొదటి గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి గడ్డి పక్కన ఆపాను. కిటికీ దించితే గువ్వలచెరువు వాసనే! అత్తకు ఏమీ అర్థం కాలేదు, "ఇక్కడ ఫొటోలు బాగుంటాయని ఆపినావా నాయనా?" అంది. ముప్పావు గంట చల్లారాక పెడల్ ఏమీ జరగనట్టు మళ్లీ గట్టిగా నిలిచింది.

తప్పు డిస్కుది కాదు, బ్రేక్ ఆయిల్‌ది. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పెరిగేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే బుడగలు, బుడగ నలుగుతుంది కాబట్టి మీరు తొక్కిన బలం చక్రం దాకా పోదు. చల్లారితే బుడగ మళ్లీ ఆయిల్‌లో కలిసిపోతుంది, అందుకే మెకానిక్‌కు చూపిస్తే "బాగానే ఉంది కదా" అంటాడు. బ్రేక్ ఆయిల్ రకాలకు డాట్ అంకెలుంటాయి. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీసం 155కు పడిపోతుంది. డాట్ 5.1కి ఈ లెక్కలు 260, 180. పేరు దగ్గరగా ఉందని డాట్ 5 డబ్బా తెచ్చుకోవద్దు. అది సిలికాన్ ఆయిల్, మామూలు ఆయిల్‌తో కలవదు. మామూలుగా రెండేళ్లకొకసారి మార్చాలి. నా సర్వీసు పుస్తకంలో మార్చినట్టు గ్యారేజీ ముద్ర కూడా ఉంది, తీసి చూస్తే కాఫీ డికాషన్ రంగు. ఆ గ్యారేజీకి మళ్లీ పోలేదు.

కాబట్టి పిల్లోడికి చెప్పిన వరస ఇది: మంచి టైర్లు, కొత్త డాట్ 4 లేదా 5.1 ఆయిల్, ఆ తర్వాత మంచి ప్యాడ్లు. అప్పటికీ చాలకపోతే డిస్కుల మాట.

జనవరిలో కోవెంట్రీ చేరాక చక్రం విప్పి వీడియో కాల్ చేశాడు. జాకీ మీద మాత్రమే నిలబెట్టాడని కనిపించగానే అరిచాను. కింద స్టాండు పెట్టేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. తర్వాత ప్యాడ్లు చూపించమన్నాను. బయటి ప్యాడు ఇంకా 8 మిల్లీమీటర్లు ఉంది. లోపలిది 3 కూడా లేదు. ఒకే చక్రంలో ఒకటి అట్లా, ఒకటి ఇట్లా అరిగిందంటే కాలిపర్ జరిగే స్లైడ్ పిన్ను జామ్ అయి ఉండొచ్చని అనుమానించాలి. చలికాలం అక్కడ మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు కాలిపర్ సందుల్లో చేరి తుప్పు పట్టిస్తాయి. కడపలో ఎండకు రబ్బరు ఎండి పగలడం చూస్తాం గానీ ఈ తుప్పు మనకు కొత్త. పిన్ను చేత్తో లాగితే రాలేదు, పానతో తిప్పితే కిర్రుమంది. బ్రష్షుతో శుభ్రం చేసి, పిన్నులకని అమ్మే సిలికాన్ గ్రీజు రాశాక వేలితో నెట్టినా జారింది. వెయ్యి పౌండ్ల కిట్టు కొని ఉంటే తర్వాతి చలికాలానికి దాని సందుల్లోకీ ఇదే ఉప్పు చేరేది.

ప్యాడ్ల విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు, రేసు ప్యాడ్లు వేయించుకోవడం. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. జనవరి పొద్దున ఇంటి ముందు మొదటి సిగ్నల్ దగ్గర వేడి ఎక్కడ నుంచి వస్తుంది? దానికి తోడు కీచుమనే చప్పుడు, చక్రాలంతా నల్ల బూడిద. రోడ్డు మీద వాడేదానికి ఆర్90 అనే ప్రమాణ గుర్తు ఉన్న మంచి ప్యాడ్లు చూసుకోండి. కొత్తవి వేశాక వాటిని మచ్చిక చేసుకోవాలి. తయారీదారు కాగితంలో ఏముంటే అదే చేయండి. సాధారణంగా ఖాళీ రోడ్డు మీద 60 మైళ్ల నుంచి 10 దాకా ఎనిమిది పదిసార్లు తగ్గించి, పూర్తిగా ఆపకుండా, తర్వాత బ్రేకు వాడకుండా కొంతదూరం పోయి చల్లార్చడమే. వేడి డిస్కు మీద ప్యాడును నొక్కి పట్టి నిలబడితే ఒకేచోట మరక పడి, తర్వాత తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది.

వాడి కారులో ఇంకో తమాషా ఉంది. మలుపులో వేగంగా తిప్పితే లోపలివైపు ముందు చక్రానికి కారు తనంతట తానే కాస్త బ్రేకు వేస్తుంది, బాగా తిరగడానికి. మనం పెడల్ ముట్టకపోయినా ముందు ప్యాడ్లు వేడెక్కుతాయన్నమాట.

చిల్లుల డిస్కుల మీద నాకు మోజు లేదు. చవకవైతే వేడికి చిల్లు అంచున పగుళ్లు వస్తాయి. మామూలు డిస్కే మంచి కంపెనీది చాలు, దాని మీద చెక్కిన కనీస మందం అంకె దాటి అరిగితే మార్చాలి. పెద్ద కిట్టు వేయించేవాళ్లు మాత్రం చక్రం లోపల ఖాళీ ఉందో లేదో ముందు కొలవండి. కాలిపర్ పిస్టన్లు పెద్దవైతే పెడల్ ఇంకా లోపలికి పోతుంది, ముందు వెనక బ్రేకుల సమతూకం కూడా మారుతుంది. బ్రేక్ ఆయిల్ పోయే గొట్టాలు ఉక్కు అల్లికవి వేస్తే పెడల్‌ను కాస్త గట్టిగా అనిపిస్తాయి, అంతకుమించి ఆశించొద్దు.

కొత్తగా వచ్చినవాళ్లు మరిచిపోయేది ఇన్సూరెన్స్. బ్రేకులు మార్చినా అక్కడ మాడిఫికేషన్ కిందే లెక్క, ముందే కంపెనీకి చెప్పి ఈమెయిల్‌లో జవాబు తెచ్చుకోండి. చెప్పకపోతే క్లెయిమ్ రోజు కొర్రీ వేస్తారు. మన ఇండియా లైసెన్సు కూడా అక్కడ స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది. ఆ గడువు దాటాక, అక్కడి లైసెన్సు లేకుండా ఎంత మంచి బ్రేకులున్నా నడపడానికి లేదు.

ఫిబ్రవరిలో వాడు ఆయిల్ మార్చుకున్నాడు. పాతది గాజు సీసాలో పట్టి ఫొటో పంపాడు, "అన్నా, మీదానికంటే చిక్కని డికాషన్." కిట్టు ఊసు ఎత్తలేదు, టైర్లు మాత్రం ఆర్డర్ పెట్టానన్నాడు. సింకులో పోయొద్దు, కారు రంగు మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడుగు, సీసా మూత బిగించి కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్లో అడిగి ఇవ్వు అని జవాబు పెట్టాను. ఈసారి వచ్చేటప్పుడు ఎవరి వంతో గానీ, పాలకోవా రెండు కిలోలు తప్పదని కూడా రాశాను.