షవర్ తిప్పగానే పాప ఏడుపు వినిపిస్తోంది... వెళ్లి చూస్తే నిద్రలో ఉంటోంది!

ప్రశ్న: నా వయసు 27. మూడు నెలల పాప ఉంది. స్నానానికి వెళ్లి షవర్ తిప్పగానే పాప ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది. తల మీద నురగతోనే పరిగెత్తుకొస్తే హాయిగా నిద్రపోతుంటుంది. మిక్సీ వేసినా, ఫ్యాన్ స్పీడు పెంచినా ఇంతే. రోజుకు నాలుగైదుసార్లు జరుగుతోంది. గాలి సోకిందేమోనని మా అత్తయ్య భయపడుతున్నారు. నాకు మతి చలిస్తోందా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మీకు మతి చలించడం లేదు, గాలీ సోకలేదు. హోరు ఉన్నప్పుడే ఏడుపు వినిపిస్తోంది. వెళ్లి చూసి, పాప నిద్రలో ఉందని మీరే ఒప్పుకుంటున్నారు. ఈ రెండూ మంచి గుర్తులు. కొత్త తల్లుల్లో ఇది తరచూ కనిపించేదే.

చెవి పంపిన సమాచారం ఒక్కటే చూసి మెదడు తీర్పు చెప్పదు. ఈ వేళకు, ఈ ఇంట్లో ఏ శబ్దం రావచ్చో పాత అనుభవం నుంచి అంచనా వేసుకుని దాన్ని కూడా కలుపుతుంది. శబ్దం స్పష్టంగా ఉంటే అంచనాకు పెద్దగా పని ఉండదు. శబ్దం మసకబారితే అంచనాదే పైచేయి. పసిబిడ్డ ఏడుపు సెకనుకు సుమారు 400 నుంచి 600 కంపనాల దగ్గర మొదలవుతుంది. షవర్ హోరులో అన్ని స్థాయిల శబ్దాలూ కలగలిసి ఉంటాయి కాబట్టి ఏడుపుకు సరిపడే ముక్కలూ అందులో దొరుకుతాయి. మూడు నెలలుగా రాత్రింబవళ్లు ఆ ఏడుపుకే లేస్తున్న మెదడు వాటిని ఏరి ఏడుపుగా కట్టేస్తుంది.

పైగా రెండు పొరపాట్ల ఖరీదు ఒకటి కాదు. ఏడవకపోయినా ఏడ్చిందనుకుంటే పోయేది ఐదు నిమిషాల స్నానం. ఏడుస్తున్నా వినకపోతే పోయేది ఎంతైనా కావచ్చు. అందుకే తల్లి మెదడు చిన్న ఆనవాలు దొరికినా 'ఏడుపే' అనేస్తుంది.

2017లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక గళ్ల బొమ్మను, దాంతోపాటే ఒక 'కుయ్' శబ్దాన్ని పదేపదే చూపించి, వినిపించారు. తర్వాత శబ్దం లేకుండా బొమ్మ మాత్రమే చూపినా, ఆరోగ్యంగా ఉన్నవారిలోనూ కొందరు శబ్దం విన్నామన్నారు. మీకు షవర్ ఆ గళ్ల బొమ్మలాంటిది. 2025లో 139 ఎలుకల మీద వెలువడిన పెద్ద అధ్యయనంలో, తెర మీద బొమ్మ ఏ వైపు రావచ్చో ఎలుకలు వేసుకున్న అంచనా మెదడులో ఆలోచించే భాగాల్లోనే కాదు, చూపు తొలుత చేరే భాగాల్లోనూ కనిపించింది. మీ విషయంలోనూ విన్న తర్వాత పొరబడటం కాదు, వినడంలోనే అంచనా కలిసిపోతోందని అనుకోవచ్చు. 'ఊరికే భయపడకు' అని ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా అది ఆగకపోవడం అందుకే.

కాబట్టి మెదడుకు స్పష్టమైన సమాచారం ఇవ్వాలి. కొన్నాళ్లు షవర్ మానేయండి. ముందే బకెట్ నింపుకుని, కుళాయి కట్టేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి, మగ్గుతో పోసుకోండి. ఏడుపు వినిపిస్తే చేయి ఆపి పది సెకన్లు చెవిపెట్టండి. నిజం ఏడుపుకు లయ ఉంటుంది: సెకను పాటు గుక్క, ఊపిరి పీల్చుకునే చిన్న విరామం, మళ్లీ గుక్క. అది ఉంటే వెళ్లండి, లేకపోతే స్నానం ముగించండి.

అన్నిటికంటే బాగా పనిచేసేది తలుపు చప్పుడు. స్నానానికి ముందు పాపను మీ అత్తయ్యకో, భర్తకో అప్పగించండి. 'నా దగ్గరే ఉంది, ఏడిస్తే తలుపు రెండుసార్లు కొడతాను' అని వారు పైకి చెప్పాలి. ఏడిస్తే తప్పకుండా కొట్టాలి. 'పోనీలే, స్నానం చేసుకోనీ' అని ఒక్కసారి ఊరుకున్నా ఏర్పాటు చెడుతుంది. చప్పుడు లేకపోతే ఏడుపూ లేదన్న నమ్మకం మెదడుకు కుదరదు. ఇంట్లో ఎవరూ లేని రోజు పాపను కిందపడే వీలులేని చోట వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు సందులోంచి కనబడేలా చూసుకోండి.

నిద్ర చాలకపోతే ఇవేవీ పూర్తిగా పనిచేయవు. రాత్రి ఒక్కసారైనా ఏకబిగిన నాలుగైదు గంటలు పడుకోండి. ఆ మధ్య పాలకు, ముందే పిండి ఫ్రిజ్‌లో పెట్టిన మీ పాలనే ఇంకొకరు శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. రెండు వారాలపాటు ఒక కాగితం మీద ఎప్పుడు వినిపించింది, ఏ హోరులో, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, పాప నిజంగా ఏడ్చిందా అన్నవి రాయండి. తగ్గకపోతే ఆ కాగితంతో డాక్టర్‌ను కలవండి. గుండె దడ, చేతుల వణుకు ఉంటే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలి. కాన్పు తర్వాత తొలి నెలల్లో థైరాయిడ్ తేడా చేయడం ఉంది. దిగులు రెండు వారాలు దాటితే సైకియాట్రిస్ట్‌ను కలవండి.

పూర్తి నిశ్శబ్దంలో మాటలు వినిపించినా, పాప నిద్రపోతున్నా మీకు అసలు నిద్ర పట్టకపోయినా, పాపను ఎవరో మార్చేశారనిపించినా, మీకో పాపకో హాని చేయాలన్న ఆలోచన వచ్చినా రేపటిదాకా ఆగొద్దు. ప్రసవం తర్వాత వెయ్యి మందిలో ఒకరిద్దరికి వచ్చే తీవ్ర మానసిక వ్యాధి ఇలా మొదలవుతుంది. మందులతో నయమవుతుంది. ఆ సమయంలో తల్లీబిడ్డలను ఒంటరిగా ఉంచకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏం చేయాలో తోచకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ పేరా మీ అత్తయ్యతో కూడా చదివించండి.