ఫైర్‌ఫ్లై ఏ వరుసలో చూడాలంటే

ఫైర్‌ఫ్లై అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్‌ని 'ద ట్రెయిన్ జాబ్' ఎపిసోడ్‌తో మొదలుపెడితే, అందులోని అన్నాచెల్లెళ్లు సైమన్, రివర్ అంతరిక్ష ఓడలోకి ఎలా వచ్చారో అర్థం కావట్లేదన్నారు కదా, తప్పు మీది కాదండీ. అసలు మొదటి ఎపిసోడ్ 'సెరెనిటీ'. 2002లో ఫాక్స్ ఛానెల్ దాన్ని పక్కనపెట్టి, డిసెంబరులో అన్నిటికన్నా చివర వేసింది. ఏం తెలివో మరి! మీరు చూస్తున్నది ఆ ప్రసార వరుసే.

అక్కడే ఆపి 'సెరెనిటీ' నుంచి మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత డీవీడీ వరుసలో వెళ్లండి. ఫాక్స్ వేయకుండా వదిలేసిన మూడింటితో కలిపి మొత్తం 14 వస్తాయి. 'సెరెనిటీ' అనే పేరుతోనే 2005లో వచ్చిన సినిమా వేరు, అది సిరీస్ తర్వాతి కథ. పొరపాటున ముందే చూశారో, సస్పెన్సంతా పోతుంది.

'ఔట్ ఆఫ్ గ్యాస్' ఎపిసోడ్ మాత్రం ఫోన్ పక్కనపెట్టి చూడండి. కథ మూడు కాలాల మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. నా లెక్కలో అన్నిట్లోకీ అదే బెస్ట్.