లడ్డూ తినేసింది సార్, ఏమైనా అవుతుందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ అన్నీ ముందరేసుకుని కూర్చుంటే ఒకే మాట పదే పదే కనబడింది, "రెండ్రోజులు చూద్దాంలే అనుకున్నాం సార్" అని. కుక్కకు బాగాలేనప్పుడు రెండ్రోజులు చూడదగ్గవీ ఉంటాయి, రెండు గంటలు కూడా ఆగకూడనివీ ఉంటాయి, ఏది ఏదో తెలీకే వచ్చే తిప్పలు ఇవన్నీ. అందుకే ఈసారి అలాంటివే ఏరినా. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊర్లు మాత్రం వేస్తున్నా.

తిరుపతి నుంచి: సార్, మా అత్తగారు కొండకు పోయొచ్చి లడ్డూలు టీపాయ్ మీద పెట్టినారు, అందరికీ పంచేలోపల మా పగ్ ఒక లడ్డూ మొత్తం మింగేసి కవరు కూడా నాకేసింది. ప్రసాదమే కదా ఏమీ కాదంటోంది మా అత్త. బాగానే ఆడుకుంటోంది. చూద్దామా, డాక్టరు దగ్గరికి పోదామా?

పోవాలమ్మా, వెంటనే. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది కదా, అది కుక్కకు పడదు. పచ్చి ద్రాక్షైనా ఎండుదైనా కొన్ని కుక్కలకు కిడ్నీలు దెబ్బతీస్తుంది, ఎన్ని తింటే ప్రమాదమో ముందే చెప్పే లెక్క లేదు, ఒక కుక్క గుప్పెడు తిని తోక ఊపుకుంటూ తిరుగుతుంది, ఇంకోటి నాలుగు తిని పడిపోతుంది. ఇందులో టార్టారిక్ యాసిడ్ మీద అనుమానం ఉంది, చింతపండులో ఉండేదీ అదే, కాబట్టి మీ అత్తగారు తెచ్చే పులిహోర పొట్లం కూడా దానికి అందనీకండి. తిన్న రెండు గంటల్లోపల తీసుకొస్తే సూదేసి కక్కిస్తాం. ఇంట్లో ఉప్పునీళ్ళు పోసి కక్కించొద్దు, పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కకైతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి కొత్త తలనొప్పి తెస్తుంది. ఆడుకుంటోంది కదా అంటారా, మొదటి రోజు మామూలుగా వాంతులే ఉంటాయి, ఉచ్చ తగ్గిపోవడం ఒకట్రెండు రోజుల తర్వాత బయటపడుతుంది, అప్పటికి కిడ్నీ దెబ్బ తినేసుంటుంది. మీ మెసేజ్ చూసిన పూటే ఫోన్ చేసి చెప్పినా, మీరూ రక్తపరీక్షకు తీసుకుపోయినారు, రెండుసార్లు చేసినా క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే నెత్తుర్లో పెరిగేది) పెరగలేదంట, ఈసారికి బతికిపోయింది. అత్తగారిని ఏమీ అనొద్దు, టీపాయ్ ఎత్తు పెంచండి.

చంద్రగిరి నుంచి: మూడు నెలల కుక్కపిల్ల సార్, కొని పదిరోజులైంది. నిన్న రాత్రి నుంచి వాంతులు, నురగ మాదిరి. పొద్దున విరేచనాల్లో నెత్తురు పడింది, వాసన భరించలేకపోతున్నాం. దిష్టి తీసినాం, పెరుగన్నం పెడితే ముట్టలేదు. అమ్మినతను ఒక టీకా వేసినానన్నాడు. సాయంత్రం దాకా చూడొచ్చా?

చూడొద్దు నాయనా, ఈ వాక్యం చదువుతూనే బండి తియ్యి. ఆ వాసన ఒక్కటి చాలు, ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి గది బయటే తెలిసిపోతుంది, కుళ్ళిన నెత్తురు వాసన, ఇనుములాగా. దాన్ని పార్వో అంటారు, పేగుల లోపలి పొరను ఊడదీసే వైరస్. చాలా పిల్లలు పోయేది ఒంట్లో నీళ్ళు అయిపోయి, ఊడిన పేగు గుండా సూక్ష్మజీవులు నెత్తుర్లోకి పోయి. అందుకే సెలైన్ ఎంత తొందరగా ఎక్కితే అంత మంచిది. వాంతులు ఆగేదాకా నోట్లో ఏదీ కుక్కొద్దు, పెరుగన్నం వద్దు, గ్లూకోజు నీళ్ళు గరిటెతో పొయ్యొద్దు. వాళ్ళ కాంపౌండరు ఇచ్చినాడని, వీళ్ళ బంధువు చెప్పినాడని మనుషుల విరేచనాల మాత్రలు అసలే వద్దు.

ఇక ఆ ఒక్క టీకా సంగతి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటిది వేసి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వెయ్యాలి, తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ మధ్యలో మన టీకాను పనిచెయ్యనీదు కాబట్టే అన్నిసార్లు. ఒకటేసి అమ్మేవాళ్ళు ఆ మాట చెప్పరు, మనమూ అడగం. ఇంకోటి, ఈ పురుగు నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కి చావదు, బట్టలకు వాడే బ్లీచ్ ఒక వంతు, నీళ్ళు ముప్పై వంతులు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. మట్టి వాకిలైతే అదీ కష్టమే. టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను ఇప్పట్లో ఇంటికి తేవద్దు.

చిత్తూరు నుంచి: మా లాబ్రడార్ వయసు అయిదేళ్ళు, వారం నుంచి సగమే తింటోంది, మెట్లెక్కడం మానేసింది. ముక్కు తడిగానే ఉంది కాబట్టి జ్వరం లేదనుకున్నాం. మొన్న ముక్కులోంచి నాలుగు చుక్కల నెత్తురు కారి ఆగిపోయింది, ఎండకేమో అనుకున్నాం. చెవుల్లో గోమార్లు ఉన్నాయి, ఏరేస్తుంటాం.

ముక్కు తడి, పొడి అన్నది పక్కన పెట్టండి, నిద్ర లేచిన కుక్కకు పొడిగానే ఉంటుంది. జ్వరం కావాలంటే థర్మామీటరు వెనకవైపు పెట్టి చూడాలి, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కుక్కకు మామూలే, మనకైతే అది జ్వరం. 104 దాటితే ఆస్పత్రి. దానికన్నా సులువుది చెప్తా, పైపెదవి ఎత్తి కోరపన్ను పైనున్న చిగురు చూడండి. గులాబీ రంగుండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపల మళ్ళీ రంగు రావాలి. సున్నం కొట్టిన గోడలాగా ఉంటే నెత్తురు తగ్గిందని, పసుపు తిరిగితే కాలేయమో ఎర్రకణాలు పగలడమో అని అర్థం. ఏ చిగురైనా రోగం రాకముందే ఒకసారి చూసి పెట్టుకోండి, కొన్ని కుక్కలకు పుట్టుకతోనే నల్లగా ఉంటుంది, అలాంటప్పుడు కింది కనురెప్ప లాగి చూడాలి.

మీ కుక్కది గోమార్ల జ్వరంలాగే ఉంది, ఎర్లీషియా అంటారు, ప్లేట్‌లెట్లు పడిపోతే ముక్కునుంచి నెత్తురొస్తుంది. బెబీసియా అని ఇంకోటుంది, దాంట్లో ఉచ్చ టీ డికాషన్ రంగుకు తిరుగుతుంది. రెండూ గోమారు కుట్టడం వల్లే వచ్చేవి, రెంటికీ మందు వేరు, కాబట్టి నెత్తురు పరీక్ష చేయించకుండా షాపులో మాత్రలు కొనొద్దు. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాలు వాడాలి, అయిదోరోజుకే అన్నం తింటోంది కదా అని మానేసేవాళ్ళే ఎక్కువ, మళ్ళీ రెండు నెలలకు మా దగ్గరికే వస్తారు. గోమార్లను వేళ్ళతో నలిపి చంపొద్దు, పట్టుకారతో చర్మం దగ్గర పట్టి లాగి తీయండి. కుక్క మీద ఏరినంత మాత్రాన అయిపోదు, గుడ్లు గోడ సందుల్లోనూ గోనెసంచి కిందా ఉంటాయి.

ఇంకొక మాట, జ్వరం అని ఇంట్లో ఉండే పారాసిటమాలో ఐబుప్రోఫెనో ఇవ్వకండి. మనకు మేలు చేసే మోతాదు దాని కాలేయానికీ కడుపుకీ కిడ్నీకీ నష్టం.

బంగారుపాళ్యం నుంచి: మామిడికాయల కాలం కదా సార్, తోటలో కుక్క బెంగళూరా టెంక మింగింది. మూడురోజులుగా నీళ్ళు తాగినా కక్కేస్తోంది.

టెంక పేగులో ఇరుక్కుంది, లేకపోతే నీళ్ళు కూడా నిలవకపోవడం ఉండదు. ఎక్స్‌రే, స్కాన్ తీయించి అవసరమైతే ఆపరేషనే, ఆముదం పోస్తే పేగు చిరిగే ప్రమాదం. ఇవ్వాళే. టెంకలు గంపలో వేసి మూత పెట్టే అలవాటు చేసుకోండి, ప్రతి ఏడూ రెండు మూడు కేసులొస్తాయి నాకు.

శ్రీకాళహస్తి నుంచి: ఎనిమిదేళ్ళ ఆడ కుక్క, నెలన్నర క్రితం ఎదకొచ్చి పోయింది. ఇప్పుడు రోజంతా నీళ్ళే తాగుతోంది, తెల్లగా చీములాగా కారుతోంది. ఎద ఇంకా తగ్గలేదేమో అంటున్నారు.

ఎద కాదు, గర్భసంచిలో చీము చేరింది. ఎద అయిపోయాక నెలా రెండు నెలలకు వచ్చేది ఇదే, నీళ్ళు బాగా తాగడం దీని గుర్తు. కారడం ఆగితే తగ్గిందనుకోవద్దు, గర్భసంచి నోరు మూసుకుని చీము లోపల నిండుతోందని కూడా కావచ్చు, అప్పుడింకా చెడ్డ. చాలామట్టుకు గర్భసంచి తీసెయ్యడమే మందు. తిరుపతి మీకు దగ్గరే, ఇక్కడ వెటర్నరీ కాలేజీ 1955 నుంచి ఉంది, వాళ్ళ ఆస్పత్రికి పొద్దున్నే చేరుకోండి, అన్నం పెట్టకుండా తీసుకుపోండి.

పలమనేరు నుంచి: వీధికుక్క ఒకటి మా వాకిట్లో తిరుగుతుంది, రెండురోజులుగా నోరు తెరిచి పెట్టుకుని జొల్లు కార్చుకుంటోంది, గొంతులో ఎముక ఇరుక్కున్నట్టుంది. గొంతు కూడా మారింది. చెయ్యి పెట్టి తీద్దామా?

దేవుడా, పెట్టొద్దు! కింది దవడ వేలాడటం, జొల్లు మింగలేకపోవడం, గొంతు మారడం, ఇవి రేబిస్ లక్షణాలు కూడా, ఎముకే అయినా డాక్టరు గ్లౌజులేసుకుని చూసేదాకా మీరు దూరంగానే ఉండండి, పిల్లలను లోపల పెట్టండి, పశువుల ఆస్పత్రికి ఫోన్ చేయండి. ఇప్పటికే ఎవరి చేతికైనా ఆ జొల్లు గీరు మీద పడివుంటే సబ్బుతో పావుగంట ధారగా కడిగి అప్పుడే ఆస్పత్రికి పోయి టీకా మొదలుపెట్టించుకోండి, కుక్క బతుకుతుందో లేదో చూద్దామని కూర్చోవద్దు.

పుత్తూరు నుంచి: మా టామీ పొద్దున్నే గడ్డి తిని కక్కుతుంది. నెలకు రెండుమూడుసార్లు.

తిననీండి. ఆ గడ్డికి ఎవరూ మందు కొట్టలేదు కదా అని మాత్రం చూసుకోండి.