అపార్ట్‌మెంట్ బయట పిల్లులకు తిండి పెట్టొద్దని అసోసియేషన్ నోటీసు పెడితే ఏం చేయాలి?

శ్రీకాకుళంలో మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, సెల్లార్‌లో పిల్లులకు తిండి పెట్టకూడదని, పెడితే ఐదు వందలు జరిమానా అని అసోసియేషన్ నోటీసు అతికించిందని రాశారు. అది చెల్లుతుందా, ఎవరికి చెప్పుకోవాలి అని అడిగారు.

చెల్లదు. అయితే ఆ ఒక్క మాట పట్టుకుని మీటింగుకి వెళ్తే పని అవ్వదు. విజయనగరంలో దాసన్నపేట వైపు మేముండే అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి నోటీసే పెట్టారు. ఇప్పుడు అది గోడ మీద లేదు. ఎలా పోయిందో చెప్తాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

ముందు చట్టం సంగతి. కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో జంతు జనన నియంత్రణ నిబంధనలు తెచ్చింది. అందరూ ఏబీసీ రూల్స్ అంటారు. అవి కుక్కల కోసమే అనుకుంటారు చాలామంది. వాటిలో 20వ నిబంధన చదవండి. యజమాని లేకుండా మన చుట్టూ పుట్టి పెరిగే జంతువులకు తిండి పెట్టే ఏర్పాట్లు చూడాల్సిన బాధ్యత అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ది లేదా స్థానిక సంస్థది అని అందులో ఉంది. తిండి పెట్టాలనుకునే నివాసిని కలుపుకుని, ఇద్దరికీ సమ్మతమైన చోటు, వేళ ఖరారు చేయాలి. ఆ చోటు పిల్లలు ఆడుకునే స్థలానికి, గేట్లకి, మెట్లకి దూరంగా ఉండాలి. పెట్టినవాళ్ళు అక్కడ చెత్త మిగల్చకూడదు. అంటే మీరు వెళ్ళి అసోసియేషన్‌ని బతిమాలుకోవాల్సిన పని లేదు. చోటు చూపించమని అడగడం మీ హక్కు, చూపించడం వాళ్ళ పని. మా దగ్గర మాటల తీరు మారింది ఈ ఒక్క పాయింటుతోనే.

మీ సెక్రటరీ గారు సుప్రీంకోర్టు తీర్పు అంటూ వాట్సాప్ మెసేజ్ ఒకటి చూపించొచ్చు. మా దగ్గర చూపించారు. 2025 ఆగస్టు 22న వచ్చిన ఆ ఉత్తర్వు వీధికుక్కల గురించి. రోడ్ల మీద ఎక్కడబడితే అక్కడ కుక్కలకు తిండి పెట్టొద్దని, ప్రతి వార్డులో అందుకు చోట్లు కేటాయించాలని చెప్పింది. పిల్లుల ఊసు అందులో లేదు. పైగా కుక్కల విషయంలో కూడా తిండి మానిపించమనలేదు, చోటు చూపించమంది. ఈ సంగతి నిదానంగా చెప్తే వినేవాళ్ళు వింటారు.

ఇక మా అపార్ట్‌మెంట్‌లో నోటీసు పెట్టాక ఏం జరిగిందంటే, తిండి పెట్టడం ఆగలేదు, చాటుగా సాగింది. అంతకుముందు కింద ఫ్లోర్ మామ్మగారు రాత్రి భోజనాలయ్యాక ఒక స్టీలు పళ్ళెంలో నెత్తళ్ళు కలిపిన అన్నం పెట్టి, అవి తినేదాకా కూర్చుని, పళ్ళెం కడిగి లోపలికి తీసుకెళ్ళేవారు. నోటీసు తర్వాత ఆవిడ భయపడి మానేశారు. కానీ పిల్లుల మీద జాలి ఉన్నవాళ్ళు ఆవిడొక్కరే కాదు కదా. పై అంతస్తుల నుంచి ఎవరో చీకట్లో అన్నం ముద్దలు, చేప తలకాయలు కిందకి విసరడం మొదలుపెట్టారు. తెల్లారేసరికి కార్ల మధ్య చీమలు, కాకులు, వాసన. వాటికోసం గేటు సందులోంచి కుక్కలు దూరడం మొదలైంది. ఊడ్చేది ఎవరు? వాచ్‌మన్ భార్య. పిల్లులకు పెట్టేవాళ్ళ పేర్లు రాసి ఇమ్మని వాచ్‌మన్‌కి చెప్పారట. "రేపు ఆలే నన్ను తిడతారు, ఏటి చెయ్యమంటారమ్మా" అని నా దగ్గర బాధపడ్డాడు. ఇళ్ళవాళ్ళ గొడవలో జీతగాణ్ణి నిలబెట్టడం నాకు నోటీసు కంటే తప్పుగా అనిపించింది.

నెలవారీ మీటింగులో నేను ఇదే ముందు పెట్టాను, చట్టం తర్వాత. నోటీసుకి ముందు సెల్లార్ ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, మీరే చూడండి అన్నాను. సెక్రటరీ మాస్టారు కఠినమైన మనిషేం కాదు. "నాకు వాటి మీద కోపం లేదమ్మా, రోజూ వచ్చే కంప్లయింట్లకి ఎవరు సమాధానం చెప్తారు?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్న. అందుకే కంప్లయింట్లు ఒక్కొక్కటీ చెప్పమన్నాం. మీరూ అలాగే చేయండి. తిండి వద్దనేవాళ్ళలో ఎక్కువమందికి అసలు ఇబ్బంది తిండితో కాదు.

మొదటిది రాత్రి అరుపులు. ఆడపిల్లి ఎదకి వచ్చినప్పుడు, గండుపిల్లులు కొట్టుకున్నప్పుడు వచ్చే గోల అది. బీపీ ఉన్న పెద్దవాళ్ళకి ఆ నిద్ర పాడవడం నిజంగా కష్టమే. గోడల మీద, బళ్ళ మీద గండుపిల్లి పోసే ఉచ్చ కంపు కూడా ఇందులోదే. వీటికి మందు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసులోనే చూలు కట్టగలదు, తొమ్మిది వారాల్లో ఈనుతుంది, ఏడాదిలో రెండు మూడు ఈతలు ఈనగలదు. తిండి పెట్టి ఆపరేషన్ చేయించకపోతే వచ్చే ఏడాది మీ అపార్ట్‌మెంట్‌లో మీ వైపు మాట్లాడేవాళ్ళు ఎవరూ మిగలరు. ఈ మాట కొంచెం గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే తిండి పెట్టేవాళ్ళు ఎక్కువగా వదిలేసేది దీన్నే.

రెండోది మా రెండో అంతస్తులో ఉన్న గర్భిణి అమ్మాయి భయం. పిల్లుల వల్ల కడుపులో బిడ్డకి హాని అని డాక్టర్ చెప్పారట. దాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలం ద్వారా వ్యాపిస్తుంది. కాకపోతే మలంలో బయటికొచ్చిన వెంటనే అది అంటుకోదు, ఆ స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టి ద్వారా కూడా వస్తుంది. అందుకని మేం వెనక గోడ మూల ఒక తొట్టెలో ఇసుక పోశాం. పిల్లులు మెత్తటి ఇసుక దొరికితే పూలకుండీల జోలికి తక్కువగా వెళ్తాయి. రోజూ గ్లౌజులు వేసుకుని నేనో, మామ్మగారి అబ్బాయో తీసేస్తాం. గర్భిణులు ఆ పని చేయకూడదని గట్టిగా అనుకున్నాం. ఆ అమ్మాయి అత్తగారే తర్వాత మా తరఫున మాట్లాడారు.

బండి సీట్ల మీద గోళ్ళ గీతలకి కవర్లు వేసుకోవడమే దారి. పొద్దున్నే పిల్లి ఎదురైతే పని చెడుతుందన్న పెద్దాయనతో వాదించలేదు, తిండి చోటు ఆయన బయల్దేరే వైపు కాకుండా వెనక వైపు పెట్టాం, అంతే. కరుస్తాయేమో అన్నవాళ్ళకి మాత్రం సరైన సమాధానం ఇవ్వాలి. పిల్లి కరిచినా, రక్తం రాకపోయినా చర్మం గీరుకుపోయేలా గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా గురించి అడగాలి. పిల్లులకి మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించొచ్చు. ఆపరేషన్‌కి తీసుకెళ్ళినప్పుడే అదీ వేయించేయండి.

ఆపరేషన్ ఎక్కడ అంటే, ముందు మీ ఊరి ప్రభుత్వ పశువైద్యశాలలో అడగండి. అక్కడ కుదరకపోతే గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది. ఆమదాలవలస నుంచి విజయనగరం వచ్చే రైలు దారిలోనే ఆ ఊరు. బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఏ రోజు తేవాలో, ముందు రాత్రి నుంచి తిండి ఆపాలా అన్నది కనుక్కోండి. పిల్లిని చేతుల్లో గానీ సంచిలో గానీ తీసుకెళ్ళొద్దు. తలుపున్న ప్లాస్టిక్ బోను అద్దెకైనా తీసుకుని, రెండు మూడు రోజులు తిండి అందులోనే పెడితే తానే లోపలికి వస్తుంది. మత్తులో ఉండగా ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరించమని డాక్టర్‌ని అడగండి. ఆపరేషన్ అయిన పిల్లి అని దూరం నుంచే తెలుస్తుంది, కంప్లయింట్ చేసేవాళ్ళకి కూడా చూపించొచ్చు. ఖర్చు మేం పెట్టేవాళ్ళమే పంచుకున్నాం. అసోసియేషన్ డబ్బు ముట్టుకోలేదు కాబట్టి ఆ విషయంలో ఎవరూ నోరెత్తలేదు.

తిండి గురించి ఒక మాట. మన ఇళ్ళలో పిల్లికి పాలు పోయడం అలవాటు, కానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి, ఆ మురికి మళ్ళీ మీ నెత్తి మీదకే వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి వాటికి విషం, కాబట్టి మనం తినగా మిగిలిన కూర పెట్టొద్దు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చేప, కోడి మాంసం కొద్దిగా అన్నంలో కలిపితే చాలు. పక్కన మంచినీళ్ళు. అరగంటలో పళ్ళెం తీసేయాలి. రాత్రంతా వదిలేస్తే అది పిల్లులకి కాదు, ఎలుకలకి పెట్టినట్టు.

మాటలతో తేలకపోతే కాగితం మీదకి వెళ్ళండి. నోటీసు ఏ తీర్మానం మీద పెట్టారో ఆ మినిట్స్ కాపీ, జరిమానా బైలాస్‌లో ఏ క్లాజు కింద వేస్తున్నారో రాతపూర్వకంగా అడగండి. అదే ఉత్తరంలో 20వ నిబంధన ప్రింటు జతచేసి, మీరే ఒక చోటు, ఒక వేళ ప్రతిపాదించండి. ఉత్తరం అందినట్టు సంతకం తీసుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సమాధానం రాకపోతే మున్సిపల్ కమిషనర్‌కి రాసి, జిల్లా పశుసంవర్ధక శాఖ కార్యాలయానికి ఒక కాపీ ఇవ్వండి. అసోసియేషన్‌కి, తిండి పెట్టేవాళ్ళకి మధ్య తగాదా వస్తే పశువైద్యాధికారి, పోలీసుల ప్రతినిధి, జంతు సంక్షేమ సంస్థవాళ్ళు, ఫిర్యాదు చేసినవారు, అసోసియేషన్ ప్రతినిధి కలిసి కూర్చునే కమిటీ వేయాలని ఆ 20వ నిబంధనలోనే ఉంది. తిండి చోటు విషయంలో ఆ కమిటీదే తుది మాట. ఆ కమిటీ వేయమని పేరు పెట్టి అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే నంబరు వస్తుంది, దాన్ని పట్టుకుని తిరగొచ్చు. మా దగ్గర కమిషనర్‌కి రాస్తామన్న దశలోనే అసోసియేషన్ చోటు చూపించింది.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. ఎవరైనా మందు పెడతామన్నా, గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేస్తామన్నా, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి అదే రోజు పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. జంతువుని చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టమూ ఉంది. పైగా పట్టుకెళ్ళి వదిలేయడం వల్ల లాభం కూడా లేదు. తల్లిని తీసుకెళ్తే ఏ మెట్ల కిందో కూనలు ఆకలికి చస్తాయి, ఖాళీ అయిన చోటికి పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి.

ఈ వారంలో బైలాస్ కాపీ సంపాదించండి. మీరు పెట్టే పిల్లుల్లో పొట్ట కిందకి దిగినట్టున్నవి ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే, మీటింగ్ సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి.