మీ ప్రశ్నకు జవాబు: మునిసిపాలిటీలో వర్క్ ఇన్‌స్పెక్టరు చేసే పని ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ డిప్లొమా పూర్తిచేసి, పక్క పట్టణపు మునిసిపాలిటీ ఇంజనీరింగ్ విభాగంలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరబోతోంది. "కూలీల దగ్గర నిలబడి చూడడమేగా" అని బంధువులు అంటున్నారు. ఆ ఉద్యోగంలో నిజంగా ఏం చేయాలి? చేరేలోపు ఏం నేర్చుకుంటే మంచిది?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: నిలబడి చూడడం ఆ ఉద్యోగంలో నిజంగానే సగం పనండీ. అయితే ఎప్పుడు, ఎక్కడ, ఏం చూడాలో తెలియడమే అందులోని విద్య. మునిసిపాలిటీ చేయించే పనుల్లో చాలా భాగం మట్టి కిందికో, కాంక్రీటు కిందికో వెళ్లిపోతుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఒకే రోజు నాలుగైదు వార్డులు తిరగవలసి ఉంటుంది కాబట్టి, కప్పేసే ముందు అక్కడ ఉండేది చాలాసార్లు మీ అమ్మాయే.

సీసీ రోడ్డునే తీసుకోండి. ఎస్టిమేట్‌లో (పని కొలతలు, ఖర్చు చూపే అంచనా పత్రంలో) మందం 15 సెంటీమీటర్లని ఉంటే, అంచుల్లో అంత మందం కనిపిస్తూనే, మధ్యలో బెడ్డు (కాంక్రీటు కింద చదును చేసిన అడుగు భాగం) ఉబ్బెత్తుగా ఉండి 12 సెంటీమీటర్లే పడవచ్చు. అందుకే కాంక్రీటు పోయకముందే, రెండు పక్కలా అంచులుగా బిగించిన ఇనుప చానెళ్ల మీద అడ్డంగా దారం లాగి, మధ్యలో దారం నుంచి బెడ్డు వరకు టేపుతో కొలవాలి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న వీధిలో అంతటా ఆ 3 సెంటీమీటర్లు తగ్గితే 9 ఘనపు మీటర్ల కాంక్రీటు తగ్గినట్టే. పోసేటప్పుడు స్లంప్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో) చూడడం, అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల క్యూబులు నింపి వాటిపై తేదీ వేసి నీళ్లలో ఉంచడం, 28 రోజులకు వాటి బలం పరీక్ష చేయించడం కూడా ఆమె చూసుకోవలసినవే. పీపీసీ (ఫ్లైయాష్ వంటివి కలిపిన) సిమెంటు వాడిన చోట కనీసం 10 రోజులు తడి ఆరకుండా క్యూరింగ్ జరుగుతోందో లేదో రోజూ వెళ్లి చూడాలి.

ఈ కొలతలన్నీ చివరకు ఎం-బుక్‌లోకి (కొలతల పుస్తకంలోకి) ఎక్కుతాయి. కాంట్రాక్టరుకు బిల్లు చెల్లించేది దాని ఆధారంగానే. రాసేది ఏఈ, మళ్లీ కొలిచి సరిచూసేది (చెక్ మెజర్‌మెంట్) పై అధికారి డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు). అయినా టేపు రెండో కొస పట్టుకునేది మీ అమ్మాయే కనుక, తను చూడని కొలతకు ఎన్నడూ తల ఊపకూడదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలువకు రెండు చివరలా మాత్రమే లెవెల్ (అడుగు ఎత్తు కొలత) తీసి సరిపోయిందనుకున్నాను. పలకలు కప్పాక వర్షాలు వచ్చాయి. మధ్యలో బెడ్డు 4 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండడంతో దాని వెనుక నల్లటి నీరు నిలిచి, ఆ ఇళ్లవాళ్లు నెలల తరబడి దోమలతో అవస్థ పడ్డారు. చివరకు పలకలు లేపి ఆ భాగం పగలగొట్టించవలసి వచ్చింది. ప్రతి 5 మీటర్లకూ ఒక రీడింగు తీసి ఉంటే, బెడ్డు పచ్చిగా ఉన్నప్పుడే తాపీతో సరిదిద్దే పని అది.

తాగునీటి విషయం ఇంకా సున్నితమైనది. మన పట్టణాల్లో చాలాచోట్ల నీరు రోజులో కొంతసేపే వదులుతారు. మిగతా సమయంలో పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి, కాలువలోంచి వెళ్లే కుళాయి పైపుకు చిన్న చిల్లు ఉన్నా మురుగు లోపలికి చేరుతుంది. అలాంటి కనెక్షన్లను గుర్తించి ఫిట్టరు చేత మార్పించాలి. నీరు వదిలిన వేళ చివరి కుళాయి దగ్గర క్లోరిన్ చూడాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర చూసి ఊరుకుంటే ఆ పరీక్షకు అర్థం లేదు.

మురుగు మ్యాన్‌హోల్ పూడుకుపోతే జెట్టింగ్ మిషను (ఒత్తిడితో నీళ్లు చిమ్మి పూడిక తీసే యంత్రం) పిలిపించాలి తప్ప, ఎవరు ఎంత తొందరపెట్టినా రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని లోపలికి దింపనివ్వకూడదు. 2013 నాటి చట్టం దాన్ని నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయలు చెల్లించాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

చేరేలోపు కళాశాల సర్వే నోట్సు మళ్లీ తీయమనండి. ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే పరికరం) నిలబెట్టడం, స్టాఫ్ (దానిలోంచి చూసే కొలబద్ద) చదవడం, ఎత్తుపల్లాల తేడాలను రైజ్ అండ్ ఫాల్ పద్ధతిలో లెక్క కట్టడం చేతికి అలవాటైతే చాలు. ఎస్టిమేట్ చదవడం ఆఫీసులో నెల రోజుల్లో వచ్చేస్తుంది.